మోకాలి మార్పిడి: థియేటర్‌లో గంటన్నర, ఇంట్లో ఏడాది

మోకాలి మార్పిడి ఆపరేషన్ గురించి ఇంట్లో మాట మొదలైతే ప్రశ్నలన్నీ ఒకే వైపు వెళ్తాయి. ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు, ఏ కంపెనీ కీలు, రోబో ఉందా, ప్యాకేజీ ఎంత? అడగాల్సినవే. కానీ ఆరు నెలల తర్వాత ఆ మనిషి కర్ర లేకుండా బజారుకు వెళ్లొస్తారా, కుర్చీలోంచి లేవడానికి ఇంకొకరి చెయ్యి పట్టుకోవాల్సి వస్తుందా అన్నది వీటి మీద కంటే వేరే వాటి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఆపరేషన్ నాటికి తొడ కండరంలో ఎంత బలం మిగిలింది? షుగర్ అదుపులో ఉందా? ఇంటికొచ్చాక మొదటి ఆరు వారాలు పక్కన ఉండేది ఎవరు, వాళ్లకు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలుసా? తెలుగు రాష్ట్రాల్లో పెద్ద ఊళ్లన్నిటిలో ఇప్పుడు ఈ ఆపరేషన్ బాగా చేసే సర్జన్లు ఉన్నారు. దెబ్బ తినేది ఎక్కువగా ఆస్పత్రి గేటు దాటాకే.

ముందు అరుగుదల సంగతి. తొడ ఎముక కింది చివర, దాని కింద ఉండే కాలి ఎముక పైభాగం, ముందు వైపు మోకాలి చిప్ప, ఈ మూడూ ఒకదానితో ఒకటి రాసుకునే చోట నునుపైన మృదులాస్థి పొర ఉంటుంది. ‘గుజ్జు అరిగిపోయింది’ అంటారే, ఆ గుజ్జు ఇదే. దీనికి రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు. రక్తం అందదు కాబట్టి దెబ్బతింటే చర్మం మానినట్టు మానదు. నరాలు లేవు కాబట్టి అరగడం మొదలైన సంగతి ఏళ్ల తరబడి తెలియదు. నొప్పి తెలిసేసరికి కింద ఉన్న ఎముక మీదికి ఒత్తిడి వచ్చేసి ఉంటుంది. నడిచేటప్పుడు శరీరం బరువులో ఎక్కువ భాగం మోకాలి లోపలి వైపు నుంచే దిగుతుంది. అందుకే ముందు అరిగేదీ ఆ వైపే. లోపలి వైపు అరిగేకొద్దీ కాలు వంగి దొడ్డికాళ్లవుతాయి, వంగేకొద్దీ బరువు ఇంకా లోపలి వైపే పడుతుంది.

నాట్లు వేసి, కలుపు తీసి, బీడీలు చుట్టి, నేల మీద పొయ్యి ముందు ఏళ్ల తరబడి గొంతుకూర్చుని పనిచేసిన ఆడవాళ్లలో ఈ బాధ ఎక్కువ కనిపించడంలో ఆశ్చర్యం లేదు. గంటల తరబడి గొంతుకూర్చోవడానికీ మోకాలి అరుగుదలకూ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కనిపించే వంకర మాత్రం వేరు. అక్కడ మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970ల్లోనే దీన్ని నమోదు చేశారు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు బిగుసుకుపోతాయి. అలాంటి మోకాలికి ఆపరేషన్ మామూలు అరుగుదలకు చేసినట్టు ఉండదు.

ఎప్పుడు చేయించుకోవాలి?

‘ఎక్స్‌రేలో నాలుగో గ్రేడ్ వచ్చింది, ఇక ఆపరేషనే’ అన్న మాట సరైంది కాదు. అరుగుదలను 0 నుంచి 4 దాకా గ్రేడ్లుగా చెప్పే పద్ధతి ఉన్న మాట నిజమే. కానీ ఆపరేషన్ చేసేది ఎక్స్‌రేకి కాదు, మనిషికి. నాలుగో గ్రేడ్‌తో పొలం పనికి వెళ్లేవాళ్లున్నారు, మూడో గ్రేడ్‌కే రాత్రిళ్లు నిద్ర లేనివాళ్లున్నారు. చూడాల్సింది మూడు విషయాలు. నొప్పి రాత్రి నిద్ర లేపుతోందా, నడవగలిగే దూరం నెలనెలా తగ్గిపోతోందా, బరువు తగ్గడం, వ్యాయామం, మందులు కొన్ని నెలలు నిజాయతీగా ప్రయత్నించాక కూడా తేడా లేదా? మూడింటికీ అవునంటే అప్పుడు ఆలోచించాలి. ఎక్స్‌రే కూడా నిలబెట్టి తీసిందే పనికొస్తుంది. పడుకోబెట్టి తీస్తే కీలు మీద బరువు పడదు, ఎముకల మధ్య లేని ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. ముదిరిన అరుగుదలకు సాధారణంగా ఎమ్మారై అక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. నడుము నుంచి, తుంటి నుంచి దిగే నొప్పి కూడా మోకాలిలోనే తెలియవచ్చు. వాటిని చూడకుండా మోకాలు మారిస్తే నొప్పి ఉన్నచోటే ఉంటుంది.

ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. బరువు తగ్గి ఆపరేషన్‌ను వెనక్కి నెట్టగలిగిన సందర్భాలు ఉన్నాయి. మందుల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఊళ్లో మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఉద్దానం లాంటి చోట, అసలే కిడ్నీ జబ్బు పీడిస్తున్న చోట, మోకాలి నొప్పికి ఇలా బిళ్లలు వాడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

తొందరపడటం ఎంత తప్పో మరీ ఆలస్యం చేయడం అంతే తప్పు. ‘పూర్తిగా నడవలేనప్పుడు చూద్దాంలే’ అని పదేళ్లు లాగినవాళ్లకు కాలు వంగి బిగుసుకుపోతుంది, తొడ కండరం కరిగిపోతుంది. ఆపరేషన్ తర్వాత మోకాలు ఎంత వంగుతుందో చెప్పే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు, ఆపరేషన్‌కు ముందు అది ఎంత వంగిందన్నదే. కొత్త కీలు నొప్పిని తీసేస్తుంది, ఏళ్ల తరబడి బిగుసుకున్న కండరాన్ని దానంతట అది సాగదీయలేదు.

మన దేశంలో ఈ ఆపరేషన్ మీద జనానికి నమ్మకం కుదరడంలో ఒక ప్రధానమంత్రి మోకాళ్లకూ పాత్ర ఉంది. 2000 అక్టోబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ముంబయి బ్రీచ్ కాండీ ఆస్పత్రిలో మార్పిడి జరిగింది. చేసింది న్యూయార్క్ నుంచి వచ్చిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్. 1970ల్లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్, పీటర్ వాకర్‌లతో కలిసి ‘టోటల్ కాండిలార్’ మోకాలిని రూపొందించిన బృందంలో ఆయనా ఒకరు. ఇవాళ వాడుతున్న కీళ్లలో చాలా వాటికి మూలం ఆ నమూనాయే. రెండో ఆపరేషన్ జరిగిన నెల దాటిన కొద్ది రోజులకే, 2001 జూలై మధ్యలో, వాజ్‌పేయి ఆగ్రాలో పాకిస్థాన్ అధ్యక్షుడు ముషారఫ్‌తో శిఖరాగ్ర చర్చలకు కూర్చున్నారు. రెండు ఆపరేషన్ల మధ్య ఎనిమిది నెలల ఎడం ఉంచిన సంగతి గుర్తుంచుకోవాలి.

థియేటర్‌లో జరిగేది

మోకాలు మొత్తం కోసి తీసేస్తారని చాలామంది భయం. నిజానికి తీసేది చెడిపోయిన పై పొరలే. తొడ ఎముక చివర, కాలి ఎముక తల నుంచి ఒక్కోచోట 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన మాత్రమే కోస్తారు. నడుముకు మత్తు ఇస్తారు, దానితోపాటు తొడలో నరం దగ్గర ఒక ఇంజెక్షన్ ఇస్తే తొలి రోజు నొప్పి బాగా తగ్గుతుంది. మోకాలి ముందు నిలువుగా కోసి, చిప్పను పక్కకు జరిపి, లోహపు అచ్చులు బిగించి, చిన్న రంపంతో ఎముకను తిన్నగా కోస్తారు. ముందు నమూనా ముక్కలు పెట్టి కాలిని చాపి చూస్తారు, వంచి చూస్తారు. చాపినప్పుడూ వంచినప్పుడూ లోపలి, బయటి లిగమెంట్లు సమానంగా బిగుతుగా ఉండాలి. ఆపరేషన్ మొత్తంలో సర్జన్ చేతి నేర్పు కనిపించేది ఇక్కడే. కుదిరాక అసలు కీలు వస్తుంది. తొడ ఎముకకు ఎక్కువగా కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింద లోహపు పళ్లెం, రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక. బోన్ సిమెంటు పూసి నొక్కి పట్టుకుంటే పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది. మొత్తం గంట, గంటన్నర.

ఒక చిన్న విషయం రోగికి ఎవరూ చెప్పరు. నడుముకు మత్తు ఇచ్చినప్పుడు మెలకువ ఉంటుంది. నొప్పి తెలియదు గానీ రంపం చప్పుడు, సుత్తి దెబ్బలు వినపడతాయి. ముందే తెలియకపోతే పెద్దవాళ్లు హడలిపోతారు, బీపీ పెరిగిపోతుంది. నిద్రమత్తు కూడా కొంచెం ఇవ్వమని మత్తు డాక్టరును అడగవచ్చు, ఇస్తారు.

ధర విషయంలో 2017 ఆగస్టు ఒక మలుపు. అప్పటిదాకా సగటున 1,58,324 రూపాయలకు అమ్ముతున్న కోబాల్ట్ క్రోమియం కీలుకు జాతీయ ఔషధ ధరల సంస్థ 54,720 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాల కీలుకు 76,600. వీటికి జీఎస్టీ అదనం. తర్వాత సవరణలు వచ్చినా నియంత్రణ సూత్రం అదే. కీలు ఖరీదును, కంపెనీ పేరును, బ్యాచ్ నంబరును బిల్లులో విడిగా చూపించాలని కూడా ఆ ఉత్తర్వు చెప్పింది. కాబట్టి రెండు మూడు లక్షల ప్యాకేజీలో కీలు వాటా ఎంతో అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది. మిగతాదంతా గది, థియేటర్, సర్జన్ ఫీజు, మందులు. ప్రభుత్వ పథకం మీద ఆశ ఉన్నవాళ్లు అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లి, తమ కార్డు మీద ఈ ఆపరేషన్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

‘కొత్త కీలు పదేళ్లే పనిచేస్తుందట’ అన్న మాట ఇంకా తిరుగుతూనే ఉంది. 2019లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం పూర్తి మోకాలి మార్పిడి చేయించుకున్న వాటిలో సుమారు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా నిలిచే ఉన్నాయి. అరవై ఐదేళ్ల మనిషికి చాలావరకు జీవితాంతం సరిపోతుందన్నమాట.

రోబో సంగతికొస్తే, హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద హోర్డింగులు చెప్పినంత లేదు, కొట్టిపారేయాల్సినదీ కాదు. ఎముకను అనుకున్న కోణంలో కచ్చితంగా కోయడానికి అది సాయపడుతుంది. అయితే ఏళ్లు గడిచాక నొప్పిలోనూ నడకలోనూ పెద్ద తేడా వస్తుందని గట్టి రుజువు ఇంకా లేదు. చెయ్యి తిరిగిన సర్జన్ మామూలు పరికరాలతో చేసిన ఆపరేషన్, కొత్తగా రోబో నేర్చుకుంటున్న సర్జన్ చేతి పని కంటే మేలు. అదనంగా అడుగుతున్న డబ్బుతో రెండు మూడు నెలలు మంచి ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించుకోవచ్చు. రెండింటిలో ఒకటే కుదిరేటట్టయితే ఫిజియోను ఎంచుకోవడమే తెలివైన పని.

తేదీ ఖాయమయ్యాక

ఆపరేషన్‌కు ముందు నెల రోజులు ఉత్తి ఎదురుచూపు కాకూడదు. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 7.5 శాతం దాటితే చాలామంది సర్జన్లు ఆగమంటారు, చీము పట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి. పుచ్చిన పళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, పాదాల పగుళ్లు, కాలివేళ్ల మధ్య ఒరుపు, ఇవన్నీ ముందే నయం చేసుకోవాలి. ఎక్కడున్న క్రిమి అయినా రక్తంలో ప్రయాణించి కొత్త లోహం మీద చేరగలదు. రక్తం తక్కువుంటే పెంచుకోవాలి. బీడీ, చుట్ట, సిగరెట్ మానెయ్యాలి, గాయం మానడానికి అవి పెద్ద అడ్డు. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియో సహా, కవరుతో సహా డాక్టరుకు చూపించాలి. రక్తం పలచబరిచే మందు ఎప్పుడు ఆపాలో సొంతంగా నిర్ణయించుకోకూడదు.

ఇంట్లోనూ పని ఉంది. నేల టాయిలెట్ ఉంటే కమోడ్ కుర్చీ కొనాలి. మోకాలి ఎత్తు కంటే కాస్త ఎత్తుగా, చేతులున్న కుర్చీ ఒకటి కావాలి. కాలికి తగిలే పట్టాలు, మ్యాట్లు తీసెయ్యాలి. బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి. తొడ ముందు కండరం బిగించే వ్యాయామం అప్పటి నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో ఆ కండరం తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. ముందు కాస్త ఎక్కువుంటే పోయాక కూడా కాస్త మిగులుతుంది.

ఇంటికొచ్చాక

ఆపరేషన్ రోజు సాయంత్రమో, మర్నాడు పొద్దునో వాకర్ పట్టుకుని నిలబెడతారు. సిమెంటు గట్టిపడింది కాబట్టి పూర్తి బరువు వెయ్యవచ్చు. తొలి రోజు తేలికగానే గడుస్తుంది. నరం దగ్గర ఇచ్చిన ఇంజెక్షన్ ప్రభావం తగ్గిన రెండో, మూడో రోజు నొప్పి బాగా తెలుస్తుంది. ‘నొప్పి లేని మోకాలి మార్పిడి’ అన్న ప్రకటన చూసి వచ్చినవాళ్లు అప్పుడు బెంబేలెత్తిపోతారు, ఏదో తేడా జరిగిందనుకుంటారు. తేడా ఏమీ జరగలేదు. నొప్పి ఉంటుంది, దాన్ని మందులతో అదుపులో పెడతారు. ఫిజియోకు అరగంట ముందు నొప్పి బిళ్ల వేసుకుంటే వ్యాయామం బాగా సాగుతుంది. ‘బిళ్లలు ఎక్కువ వేసుకోకూడదు’ అని పంటి బిగువున ఓర్చుకుని వ్యాయామం మానెయ్యడం అన్నిటికంటే నష్టం.

మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి పంపుతారు. అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. మన ఇళ్లలో ఆపరేషన్ అయినవాళ్లను చూసుకోవడమంటే మంచం దిగనివ్వకపోవడం. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ ప్రేమ ఈ ఆపరేషన్‌కు సరిపడదు. మోకాలి కింద మెత్తటి దిండు పెట్టడం దీనికి మంచి ఉదాహరణ. దిండు పెడితే కాలు కొంచెం వంగి ఉంటుంది, నొప్పి తగ్గినట్టుంటుంది, రోగి సంతోషిస్తారు. అలా రెండు వారాలు ఉంటే మోకాలి వెనక కణజాలం ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. ఇక కాలు తిన్నగా చాపలేరు. చాపలేని కాలితో నడిస్తే అడుగడుగునా తొడ కండరం అదనంగా కష్టపడాలి, కుంటు మిగిలిపోతుంది. వంగడం కొంచెం తగ్గినా బతుకు సాగుతుంది, చాపడం తగ్గితే నడకే చెడుతుంది.

దిండు పెట్టాల్సింది మడమ కింద. తువ్వాలు చుట్టచుట్టి మడమ కింద పెట్టి, మోకాలు గాల్లో ఉండేలా చూడాలి. పక్కనున్నవాళ్లు అరచెయ్యి మోకాలి కింద పెట్టాలి. ‘నా చేతిని పరుపుకు అదమండి’ అని చెప్పాలి. రోగి తొడ బిగించి మోకాలి వెనక భాగాన్ని కిందికి నొక్కుతారు, ఐదు అంకెలు లెక్కపెట్టి వదులుతారు. మొదటి రోజుల్లో చేతికి ఏమీ తగలదు, తొడ మీద కండరం చిన్నగా అదరడమే కనిపిస్తుంది. నాలుగైదు రోజులకు చేతికి ఒత్తిడి తెలుస్తుంది. రెండు వారాలకు చెయ్యి కింద ఇరుక్కుంటుంది. ఇందులో మెషీన్ లేదు, ఖర్చు లేదు. రోజుకు పదిసార్లు, ప్రతిసారీ కొన్ని నిమిషాలు. మంచం మీద కాలును దానంతట అదే వంచి చాపే మెషీన్‌ను కొన్నిచోట్ల అద్దెకిస్తారు. దానివల్ల దీర్ఘకాలంలో ఒరిగేది పెద్దగా ఏమీ లేదని పరిశోధనలు తేల్చాయి. కండరం తనంతట తాను పనిచేస్తేనే బలం వస్తుంది.

వంగడం విషయంలో కొన్ని అంకెలు ఉపయోగపడతాయి. చదును నేల మీద నడవడానికి మోకాలు సుమారు 65 నుంచి 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకు 90 దాకా కావాలి. మామూలు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవాలంటే 100 దాటాలి. రెండు వారాలకు 90, ఆరు వారాలకు 110 ప్రాంతానికి చేరితే దారి సరిగ్గా ఉన్నట్టు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వెయ్యాలి.

పథ్యం ఇంకో పెద్ద చిక్కు. ‘పప్పు తింటే చీము పడుతుంది’, ‘గుడ్డు, మాంసం వద్దు’, ‘వంకాయ అసలే వద్దు’ అంటూ చారు, మజ్జిగ అన్నం మీద నెల రోజులు ఉంచే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము పట్టేది క్రిముల వల్ల, అదుపు తప్పిన షుగర్ వల్ల. గాయం మానడానికి, కరిగిన కండరం తిరిగి రావడానికి మాంసకృత్తులే కావాలి, పథ్యం పేరుతో సరిగ్గా వాటినే ఆపేస్తున్నారు. డాక్టరు కిడ్నీ జబ్బు వల్ల ప్రత్యేకంగా వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, పెరుగు, చేప, అన్నీ తినాలి.

కాపడమూ అంతే. వాపు చూడగానే వేడి ఇసుక మూట, వేడి నీళ్ల బ్యాగు పట్టుకొస్తారు. తొలి వారాల్లో కావాల్సింది చల్లదనం. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టి, కాలును గుండె కంటే ఎత్తులో ఉంచాలి. నూనె పట్టించి పిక్కలు పిసకడం అసలే వద్దు. ఈ ఆపరేషన్ తర్వాత పిక్కల లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. దాన్ని ఆపడానికే రక్తం పలచబరిచే మందులు ఇస్తారు, పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమంటారు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. రెండు వారాల సెలవు దొరుకుతుంది, ఆపరేషన్ ఆ సెలవులోనే పెట్టుకుంటారు. ఆస్పత్రి రోజులకు కొడుకో కూతురో పక్కన ఉంటారు. కుట్లు తీసే వేళకు విమానం ఎక్కేస్తారు. నొప్పి, నిద్రలేమి, విసుగు అన్నీ కలిసొచ్చేది, ఫిజియో గట్టిగా చెయ్యాల్సింది సరిగ్గా అప్పుడే. ఆస్పత్రిలో చూసుకోవడానికి నర్సులున్నారు. కొడుకో కూతురో రెండో వారంలో దిగి నెలాఖరు దాకా ఉండగలిగితే ఎంతో మేలు. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే తొందర వద్దు. దూర ప్రయాణపు విమానానికి కనీసం ఆరు వారాలు, చాలామంది సర్జన్లు మూడు నెలలు ఆగమంటారు.

రెండో, మూడో వారంలో చాలామంది మనసు చెడిపోతుంది. ‘ఉన్న కాలితో ఎలాగో నడిచేదాన్ని, అనవసరంగా చేయించుకున్నాను’ అని ఏడ్చేవాళ్లు ఉంటారు. పరామర్శకొచ్చినవాళ్లు ‘మా వదినగారు నెలకే పొలానికెళ్లారు’ అంటే ఆ టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఈ దశ వస్తుందని ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. వాపు మూడు నుంచి ఆరు నెలలు ఉండటం, తాకితే వెచ్చగా ఉండటం, నడుస్తుంటే టిక్కు టిక్కుమనడం, కోత బయటి వైపు చర్మం మొద్దుబారడం, ఇవన్నీ మామూలే. వాకర్ నుంచి కర్రకు, కర్ర నుంచి చేతులూపుకుంటూ నడకకు రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ‘ఇది నా మోకాలే’ అనిపించడానికి ఏడాది పట్టవచ్చు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. పిక్క గట్టిగా వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి. కుట్ల దగ్గర నీరు కారడం, ఎరుపు పెరగడం, చలిజ్వరం కనిపిస్తే ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించాలి. ఇక్కడ ఒక తప్పు పదేపదే జరుగుతోంది. గాయం చెమ్మగా ఉందని ఊళ్లోనే ఆర్‌ఎంపీ దగ్గర ఐదు రోజుల యాంటీబయాటిక్ రాయించుకుంటారు. పైన ఎండినట్టవుతుంది, లోపల లోహం మీద క్రిమి స్థిరపడిపోతుంది. మొదట్లోనే వస్తే లోపల శుభ్రం చేసి, ప్లాస్టిక్ పలక మాత్రం మార్చి కీలును కాపాడగలిగేవారు. ఆలస్యమైతే కీలు మొత్తం తీసేసి, నెలల తర్వాత మళ్లీ వెయ్యాలి. వందలో ఒకరిద్దరికే వచ్చే ఇన్ఫెక్షనే గానీ వచ్చినవాళ్లకు అది నరకం. మోకాలు బిగుసుకుపోతే మాత్రం దారి ఉంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మత్తిచ్చి వంచుతారు, ఆ గడువు దాటితే అది అంత సులువు కాదు.

అన్నీ సరిగ్గా జరిగినా పది నుంచి ఇరవై శాతం మందికి ఆశించినంత తృప్తి ఉండదన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం. మన దగ్గర ఆ అసంతృప్తిలో కొంత నేల మీద కూర్చోవడం దగ్గర వస్తుంది. గొంతుకూర్చోవడానికి, బాసింపట్టు వేసుకోవడానికి 130 డిగ్రీలకు పైగా వంగాలి. కొత్త కీలుతో కొందరు కూర్చోగలుగుతారు, ఎక్కువ మంది కూర్చోలేరు. ఎక్కువ వంగుతాయంటూ ‘హై ఫ్లెక్స్’ పేరుతో వచ్చిన కీళ్లు కూడా ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. వ్రతానికి పీట బదులు కుర్చీ, నమాజుకు కుర్చీ, పొలంలో గొంతుకూర్చుని చేసే పనికి స్వస్తి. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే తెలియాలి. కూలి పని మీద బతికే మనిషికి ఈ సంగతి చెప్పకుండా సంతకం తీసుకోవడం అన్యాయం. నడక, ఈత, సైకిలు, ఇంటి మెట్లు, బజారు పనులు, వీటికి ఏ అడ్డూ లేదు. తిరుమల మెట్లెక్కవచ్చా అని అడగని రోగి ఉండరు. ఏడాది దాటి, కండరం బలపడి, సర్జన్ సరేనంటే ప్రయత్నించేవాళ్లున్నారు. కానీ అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. బస్సులో వెళ్లి దర్శనం చేసుకున్నా మొక్కు తీరినట్టేనని ఇంట్లోవాళ్లు చెప్పడం మంచిది.

రెండు మోకాళ్లూ అరిగినవాళ్లు రెండూ ఒకేసారి చేయించుకోవాలా అన్నది తరచూ ఖర్చు చూసి తేల్చేస్తారు. ఒకే మత్తు, ఒకే బస, ఒకే సెలవు కాబట్టి డబ్బు మిగులుతుంది. గుండె, ఊపిరితిత్తులు బాగున్న అరవైల వయసు మనిషికి ఇది తప్పు కాదు. గుండె జబ్బున్నా, డెబ్బై ఐదు దాటినా, బరువు మరీ ఎక్కువున్నా ఎడం ఉంచి చేయించుకోవడమే క్షేమం. విడివిడిగా చేస్తే మొదటి కాలి అనుభవం రెండోదానికి పనికొస్తుంది. కొందరిలో మొదటిది బాగుపడ్డాక, బరువు సరిగ్గా పంచుకోవడం వల్ల రెండోది ఏళ్ల తరబడి ఆపరేషన్ లేకుండా గడిచిపోతుంది కూడా.

ఆ తర్వాత చేయాల్సింది తక్కువే. ఏడాదికో రెండేళ్లకో ఒక ఎక్స్‌రే. పన్ను పీకించుకునే ముందు, మరే ఆపరేషన్‌కైనా ముందు, లోపల కీలుందని డాక్టరుకు చెప్పడం. ఒంట్లో ఎక్కడ చీము పట్టినా వెంటనే మందు వాడటం. ఏళ్ల పాటు నొప్పి లేని మోకాలు మళ్లీ నొప్పి మొదలుపెడితే వయసు మీద నెట్టెయ్యకుండా చూపించుకోవడం. డిశ్చార్జి ఫైలులో కీలు భాగాల కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. దాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. ఇరవై ఏళ్ల తర్వాత ప్లాస్టిక్ పలక ఒక్కటే మారిస్తే సరిపోయే పరిస్థితి వస్తే, దానికి సరిపడే పలక ఏదో తెలిసేది ఆ నంబర్లతోనే.